నీళ్లలో ఎనుము

మా జేజినాయన అంగళ్ల సంతలో
ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టేవాడు.
నడిపించి చూసేవాడు, కాడి కట్టి చూసేవాడు,
మూపురం మీద చెయ్యేసి
దాని ఊపిరి వినేవాడు.
ఆ తర్వాతే తువ్వాలు కింద వేళ్లు కలిసేవి.

మా అమ్మ కొన తుంచకుండా
బెండకాయను బుట్టలో వెయ్యదు.
కుండను వేలి కణుపుతో మోగిస్తుంది,
కొబ్బరికాయను చెవి దగ్గర ఊపుతుంది.

ఇన్ని పరీక్షల వంశంలో పుట్టి, నేను
బనశంకరి మెట్రో మెట్ల కింద, వానలో,
పద్నాలుగు వేలు పెట్టి
ఒక గ్రాఫిక్స్ కార్డు కొన్నాను.
పాత టవల్లో చుట్టి తెచ్చాడు,
నీళ్లు పోసిన పసిబిడ్డను తెచ్చినట్టు.

ఆన్ చేసి చూద్దామా అనబోయాను.
యాడ చూస్తావు? మెట్రో పిల్లరుకు ప్లగ్గుంటుందా?
"ఇల్లు పక్కనే, కరెంటు పోయిందన్నా" అన్నాడు.
నిజమే కావచ్చు. ఆ వీధంతా చీకటిగానే ఉంది.
"మీది యా ఊరు?" అన్నాడు.

అంతే.
మదనపల్లి అన్నాను. పుంగనూరు అన్నాడు.
కన్నడంలో మొదలైన బేరం
చింతకాయ ఊరిబిండి దగ్గరికొచ్చి ఆగింది.
పేరు మునిశేఖర్.
"తమ్ముడు గేమ్స్ ఆడేవాడన్నా, అదీ ఆదివారాలే."
ఆదివారాలే అన్న ఆ చిన్న మాట
ఎంత నమ్మకంగా ఉందో!
సెల్‌ఫోన్ వెలుగులో కార్డు పళ్లు చూశాను,
బంగారు పళ్లు, తళతళమన్నాయి.
రబ్బరుతో రుద్దితే ఏ పళ్లయినా మెరుస్తాయని
అప్పటికి తెలీదు.
మన యాస మాట్లాడే మనిషిని పరీక్షించడమంటే
విస్తట్లో వడ్డించిన అన్నాన్ని
వాసన చూసినట్టనిపించింది.
టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

నా పని పెళ్లి వీడియోలు కలపడం.
కె.ఆర్. పురంలో ఒక గది, రెండు తెరలు, ఒక ఫ్యాను.
తొమ్మిదో రోజు
జీలకర్ర బెల్లం పెట్టే వేళకి
పెళ్లికూతురి ముఖం పచ్చటి గళ్లుగా పగిలింది.
పురోహితుడి గొంతు నడుస్తూనే ఉంది.
పెళ్లికొడుకు చెయ్యి ఊదా చారల్లో ఇరుక్కుంది.
తర్వాత నలుపు.
ఆ నలుపులో నా ముఖం మాత్రం
స్పష్టంగా, ఒక్క గీతా లేకుండా.

మునిశేఖర్ ఫోనెత్తాడు. అదే బాధ.
ఎత్తకపోతే దొంగ అనుకుని ఊరుకునేవాణ్ణి.
"నా దగ్గర బాగానే నడిచిందే" అన్నాడు.
ఆ గొంతులో కూడా మా ఊరే వినబడింది.

ఎస్.పి. రోడ్డులో పావురాల గూడంత కొట్టు.
ఇలియాజ్ భాయ్ మరలు విప్పి
ఎండిన జిగురును గోటితో గీకి
"ఇది ఆటలాడిన కార్డు కాదు" అన్నాడు.
"రాత్రీ పగలూ నాణేలు తవ్వింది.
రెండేళ్లకు తక్కువుండదు."

గానుగెద్దు!
కళ్లకు గంతలు కట్టి
కంటికి కనిపించని నూనె తీయించారు దీనిచేత.
కోపం రావాల్సింది. జాలేసింది.
వేడిగాలి కొట్టి, కొత్త జిగురు పూసి,
"మూడు వారాలు నడుస్తుంది, ఆలోగా అమ్మెయ్" అన్నాడు,
వానొస్తుంది గొడుగు తీసుకెళ్లు అన్నంత మామూలుగా.

ప్రకటన పెట్టాను. ఏం రాశానో చెప్పను.
ఆదివారాలు అన్న మాట మాత్రం వాడుకోలేదు.

హోస్కోటె నుంచి ఒక పిల్లాడొచ్చాడు, లిఖిత్ అట.
హెల్మెట్ తియ్యకుండానే నోట్లు లెక్కపెడుతున్నాడు,
ఎక్కువగా రెండువందలవి, చెమటకు అంటుకున్నవి.
"ఆన్ చేసి చూడవా?"
"తెలుగోళ్లే కదన్నా. చూసేదేముంది."

నీళ్లలో ఉన్న ఎనుముకు బేరమాడొద్దని
జేజినాయన ఎన్నిసార్లన్నాడో.
అమ్మేవాడికి ఏం చెప్పేవాడో
ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు.

"హెల్మెట్ తీసి కూర్చో అబ్బోడా,
ఎనుమును గట్టెక్కిస్తా" అన్నాను.
వాడికి అర్థం కాలేదు.
స్విచ్చి వేశాను. నాలుగు నిమిషాలు
సంతలో ముసలెద్దులా
పరువుగా నిలబడింది కార్డు.
అయిదో నిమిషంలో ఊదా చారలు.

ఇద్దరం చాలాసేపు వాటినే చూశాం.
పక్కింట్లో కుక్కరు మూడుసార్లు కూసింది.
వాడు నోట్లు జేబులో పెట్టుకున్నాడు గానీ
లేవలేదు.
"ఇట్లయితే ఎంతకిస్తావన్నా?" అన్నాడు.